గ్రూపులో కాదు, 112కి చెప్పండి

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక కాలక్షేపం పెరిగింది. ముందు పోతున్న లారీ రోడ్డుకు ఆ అంచూ ఈ అంచూ కొలుస్తుంటే వెనక బైకు మీదాయన ఒంటిచేత్తో వీడియో తీస్తాడు. కూలికి పోయే ఆడవాళ్ళను పట్టినంతమందిని లోపల కుక్కి, పట్టనివాళ్ళను వెనక కడ్డీ మీద నిలబెట్టుకుని పోయే ఆటోను కారులోంచి ఎవరో తీస్తారు. సాయంత్రానికి అది నాలుగు మండలాలు తిరుగుతుంది. కింద నవ్వు బొమ్మలు, తిట్లు, "వీడికి లైసెన్సు ఎవడిచ్చాడ్రా" అన్న ప్రశ్నలు. బండి నెంబరు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తూనే ఉంటుంది. చూసిన వందమందిలో ఒక్కరైనా పోలీసులకు ఫోను చేశారా అంటే, చేసిన జాడ ఉండదు.

దీన్ని సరదా కింద వదిలేయడానికి లేదు. చెప్పకుండా ఊరుకున్నవాడికి కనీసం చెప్పలేదన్న బాధ ఉంటుంది. గ్రూపులో పెట్టినవాడికి అదీ ఉండదు, తన వంతు అయిపోయిందనుకుంటాడు. ఆ లారీ మాత్రం అదే వేగంతో, అదే మత్తులో పక్క ఊరి బడి ముందు నుంచి పోతూనే ఉంటుంది.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది ఇంకా ఎవరూ మరిచి ఉండరు. గిద్దలూరు నుంచి నంద్యాల మీదుగా పోతే ఆ ఊరు మనకు దూరమేమీ కాదు. తాగి బైకు నడిపిన యువకుడు జాతీయ రహదారి మీద డివైడరును గుద్దుకుని చనిపోయాడు. బైకు రోడ్డు మీదే పడి ఉంది. వెనక వచ్చిన కొన్ని వాహనాలు దాన్ని తప్పించుకుని వెళ్ళిపోయాయి. ఆ తర్వాత వచ్చిన హైదరాబాద్–బెంగళూరు ప్రైవేటు బస్సు దాని మీదికెక్కి, కిందనే ఈడ్చుకుపోయి, అంటుకుంది. బస్సులో 19 మంది కాలిపోయారు. అదే యువకుడు అంతకు కాసేపటి ముందు పెట్రోలు బంకులో తూలుతూ బండి తిప్పి రోడ్డెక్కిన దృశ్యం అక్కడి సీసీ కెమెరాలో రికార్డయింది. కెమెరా అంతా చూసింది. కెమెరా ఫోను చేయదు.

నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. బైకు పడటానికీ బస్సు రావడానికీ మధ్య గడిచింది చాలా కొద్ది సమయం. ఆ మధ్యలో ఎవరైనా పోలీసుల అత్యవసర నెంబరు 112కి చెప్పినా పోలీసు బండి చేరేది కాదేమో. కానీ తప్పించుకుని పోయిన బండ్లలో ఒక్కటి వంద గజాల ముందు పక్కకు ఆగి, నాలుగు ఇండికేటర్లూ వేసి, వెనక వచ్చేవాళ్ళకు కనబడేలా ఫోను లైటు ఊపి ఉంటే? బంకు దగ్గర తూలుతున్న మనిషిని చూసినవాళ్ళు, తాళం అడిగే ధైర్యం లేకపోయినా, 112 నొక్కి ఉంటే? ఈ రెండు ప్రశ్నలూ అక్కడివాళ్ళను నిందించడానికి కాదు. రేపు మనకు ఎదురుకాబోయే ప్రశ్నలు ఇవే.

ఎందుకంటే మన రోడ్లు అంతకంటే ఏమంత భద్రంగా లేవు. అనంతపురం–గుంటూరు 544డీ రహదారి గిద్దలూరు, కంభం మీదుగా పోతుంది. మాచర్ల వైపు నుంచి వచ్చే 565 ఎర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి మీదుగా ఏర్పేడు దాకా పోతుంది. చాలా చోట్ల పోయేదానికీ వచ్చేదానికీ మధ్య అడ్డం లేదు, తెల్లగీత ఒక్కటే హద్దు. 2025 మే 23న కొమరోలు మండలం తాటిచెర్ల మోటు దగ్గర కారూ లారీ ఎదురెదురుగా గుద్దుకుని ఆరుగురు పోయారు. మహానంది దర్శనం చేసుకుని తిరుగుదారి పట్టిన బాపట్ల జిల్లావాళ్ళు. అక్కడ తప్పెవరిదన్నది ఇక్కడ తేల్చే విషయం కాదు. ఎదురెదురు రోడ్డు మీద ఒకడి తప్పుకు రెండు బండ్లూ మూల్యం కడతాయన్నదే ఇక్కడ చెప్పేది.

దోర్నాల దారి సంగతి వేరు. పులుల అభయారణ్యం కాబట్టి శ్రీశైలం రోడ్డు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు, తెల్లారి ఆరుకు తీస్తారు. గేటు పడేలోపు దాటాలని ఆ ముందు గంటలో పరుగులు తీసే కార్లు ఎలా ఉంటాయో దోర్నాల వాళ్ళను అడగండి. ఘాట్ మలుపులో హారను కూడా కొట్టకుండా బస్సును దాటుతారు. శివరాత్రి ముందు రోజుల్లో అదే దారిలో మాలధారులు నడిచి పోతుంటారు. పైగా అడవిలో చాలా దూరం ఫోను సిగ్నలు ఉండదు. చూసింది చెప్పాలన్నా అప్పటికప్పుడు కుదరదు. నెంబరు, చోటు, టైము గుర్తుంచుకుని, గేటు దగ్గర అటవీ సిబ్బందికి చెప్పడం, సిగ్నలు రాగానే 112కి ఫోను చేయడం, ఆ దారిలో కుదిరేవి ఈ రెండే. ఈలోగా ఆ కారు ఎటూ గేటు దాటే పోవాలి, అడవిలో మాయం కాదు.

తెలుగువాళ్ళకు మూడంకెల నెంబరు కొత్త కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు మొదలైంది. ఆ తర్వాత దేశమంతా దాన్ని చూసి నేర్చుకుంది. రోడ్డు మీద నెత్తురు కనబడగానే 108 నొక్కడం మనకు అలవాటైపోయింది. నెత్తురు పడకముందే నొక్కాల్సిన 112 మాత్రం ఇంకా వేలికి రావడం లేదు. పోలీసులంటే వెనకటి బెరుకు ఒకటి. "మనకెందుకొచ్చిన గొడవ, రేపు స్టేషను చుట్టూ తిప్పుతారు" అన్న లెక్క ఇంకొకటి. గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్ళ విషయంలో ఆ లెక్క ఎప్పుడో మారింది. సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, సాక్షిగా ఉండమని ఒత్తిడి చేయకూడదు. తాగి నడుపుతున్నవాణ్ణి గురించి 112కి చెప్పడానికి ఆ మాత్రం తెగువ కూడా అక్కర్లేదు. బండి పలానా చోట ఉందని చెప్పి పెట్టేయొచ్చు. తాగాడా లేదా అన్నది ఊదించి చూసుకునేది పోలీసులు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే ఆరు నెలల జైలు, పదివేల జరిమానా దాకా పడొచ్చు. మీరు సాక్ష్యం చెప్పాల్సిన పని అందులో దాదాపు ఉండదు.

ఎలా చెప్పాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. "సార్, ఇక్కడ ఒక లారీ ఘోరంగా పోతోంది సార్, చచ్చిపోతారు సార్" అంటే అవతల కూర్చున్నవాళ్ళకు ఏం అర్థమవుతుంది? ఇక్కడంటే ఎక్కడ? అదే, "కంభం దాటి గిద్దలూరు వైపు పోతోంది సార్, పది చక్రాల లారీ, గడ్డిమోపుల లోడు, ముందు ఏపీ 39, చివర ఈ నాలుగంకెలు, రెండుసార్లు రోడ్డు దిగి మళ్ళీ ఎక్కింది, డ్రైవరు నిద్రలో ఉన్నట్టున్నాడు" అంటే గిద్దలూరులో బండి ఆపడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. నెంబరు విషయంలో ఒక జాగ్రత్త. ఒకప్పుడు ఏపీ 27 అంటే మన ప్రకాశం బండి అని పోల్చుకునేవాళ్ళం. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 మొదలుపెట్టారు. కాబట్టి ఆ మొదటి ముక్క గుర్తుపెట్టుకుంటే బండి ఏ ఊరిదో తెలియదు. మధ్యలో అక్షరాలు, చివరి నాలుగంకెలు ముఖ్యం. అన్నీ అందకపోతే అందినవే చెప్పండి, అందనివి ఊహించి చెప్పకండి. ఒక్క అంకె తప్పితే ఇంట్లో పడుకున్న ఎవరో అమాయకుడి తలుపు తడతారు. రోడ్డు మీద చెట్టు, ఆగిపోయిన లారీ, చచ్చిన గొడ్డు లాంటివి జాతీయ రహదారి మీద కనబడితే 1033 ఉంది.

ఫోను చేసేది ఎవరు? బండి నడిపేవాడు కాదు. చేతిలో ఫోను పట్టుకుని నడపడం 184 సెక్షను కింద ప్రమాదకరంగా నడపడమే, వెయ్యి నుంచి ఐదువేల దాకా జరిమానా, జైలూ పడొచ్చు. ఒకడి తప్పు చూపించడానికి అదే తప్పు మనం చేయడమేమిటి? పక్కన మనిషి ఉంటే వాళ్ళ చేత చేయించండి. ఒంటరిగా ఉంటే బండి పక్కకు తీసి ఆపి చేయండి. ఆగేలోపు ఆ లారీ దూరం పోతుందన్న బాధ వద్దు, అది పోయే దిక్కు చెబితే ముందు ఊరి పోలీసులకు అందుతుంది. బస్సులో ఉంటే మరీ సులువు. డ్రైవరు ఫోను మాట్లాడుతూ నడుపుతుంటే ముందు కండక్టరుకు చెప్పండి. కండక్టరు లేని బస్సయితే, లేదా కండక్టరు కూడా నవ్వి ఊరుకుంటే, దిగగానే డిపోకు చెప్పండి. మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, కనిగిరి, నాలుగు చోట్లా డిపోలున్నాయి. కునుకు తీస్తున్న డ్రైవరును మాత్రం ఎక్కడో దిగాక చెబుదాంలే అనుకోవద్దు. బస్సంతా గోలచేసి అక్కడికక్కడ ఆపించండి. ఆ గోలకు మర్యాద పోదు.

ఇక అసలు భయం. ఈ ప్రాంతంలో వీడియో తీయడంతో ఆగనివాళ్ళు పెరుగుతున్నారు. వెంటపడి అడ్డం పెట్టడం, తాళం లాక్కోవడం, డ్రైవరును కిందికి దించి నాలుగు తగిలించడం, దాన్ని మళ్ళీ వీడియో తీయడం. దిగువమెట్ట ఘాట్‌లో ఒక తాగుబోతు కారును ఇంకో కారు తరిమితే రోడ్డు మీద ప్రమాదాలు రెండవుతాయి, ఒకటి తగ్గదు. చట్టం కూడా మీ వైపు లేదు. మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకుని పోలీసులకు అప్పగించే హక్కు కొత్త నాగరిక సురక్షా సంహితలో 40వ సెక్షను కింద ఉంది నిజమే. కానీ అది బెయిలు రాని నేరం కళ్ళెదుట చేసినవాడి విషయంలో. ర్యాష్ డ్రైవింగు, భారతీయ న్యాయ సంహిత 281 సెక్షను, బెయిలు వచ్చే నేరం. అంటే దానికి మీరు ఎవరినీ పట్టుకోలేరు. దారికడ్డం పెట్టి ఆపితే 126 సెక్షను కింద మీరే ముద్దాయి అవుతారు, నెల జైలు గానీ ఐదువేల జరిమానా గానీ పడొచ్చు. చెయ్యి చేసుకుంటే ఆ పైన ఇంకా చాలా ఉన్నాయి.

ప్రమాదం చేసిన డ్రైవరు పారిపోకూడదు, గాయపడినవాళ్ళకు వైద్యం అందేలా చూడాలి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతుంది. అదే వాక్యంలో ఒక మినహాయింపు కూడా రాసుకున్నారు: జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప. జనం కొడతారని 1988లో చట్టం రాసినవాళ్ళకే తెలుసు. డ్రైవరు పారిపోతున్నాడని మనం తిడతాం. కొడతారన్న భయంతోనే పారిపోతాడు. పడినవాడికి ఆ డ్రైవరు చేయగలిగిన సాయం మన చేతులతోనే పోగొడుతున్నాం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లు వాట్సాప్‌లో తిరిగి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. "ఈ నెంబరు కారు మనవాణ్ణి గుద్ది పారిపోతోంది, ఆపండి" అని గ్రూపులో ఒక మెసేజి పడితే అదే జరగడానికి ఎంతసేపు? ఆ మెసేజిలో ఒక్క అక్షరం తప్పు పడితే?

అక్కడితో అయిపోలేదు. మన ఊళ్ళలో పొలం గట్టు తగాదాలున్నాయి, ఎన్నికల కక్షలున్నాయి, స్టాండులో ఒక ఆటో వరసను ఇంకొకడు దాటాడన్న పంతాలున్నాయి. రేపు ఫిర్యాదు చేయడం అలవాటైతే వాటికీ అదొక ఆయుధమవుతుంది. తెలిసి తెలిసి అబద్ధం చెప్పి పోలీసుల చేత ఇంకొకరిని ఇబ్బంది పెట్టిస్తే న్యాయ సంహిత 217 సెక్షను ఉంది: ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా. 112కి చేసిన ప్రతి ఫోనూ నెంబరుతో సహా నమోదవుతుందని గుర్తుంచుకోండి.

ఫిర్యాదుకు బహుమతి పెడితే జనం ముందుకొస్తారని కొందరి ఆలోచన. ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులు 2024లో ప్రహరీ యాప్ తెచ్చి, ఉల్లంఘనల ఫొటోలు ఎక్కువ పంపినవాళ్ళకు నెలనెలా యాభైవేల దాకా ఇస్తున్నారు. దక్షిణ కొరియా ఆ ముచ్చట 2001లోనే తీర్చుకుంది. ఫొటోకింత అని ఇవ్వడం మొదలుపెట్టగానే అదే వృత్తిగా కెమెరాలు భుజాన వేసుకుని మలుపుల్లో మాటువేసేవాళ్ళు పుట్టుకొచ్చారు. ప్రభుత్వం రెండేళ్ళు తిరక్కముందే దాన్ని ఎత్తేసింది. మార్కాపురానికి బహుమతులు అక్కర్లేదు. కావలసింది వేరే ఉంది.

మన ఊళ్ళు చిన్నవి. పొద్దున ఫిర్యాదు చేస్తే సాయంత్రం టీ బంకు దగ్గరకు పేరు చేరిపోతుంది. "పలానావాళ్ళు చెప్పారు, అందుకే ఆపాం" అని ఒక్క కానిస్టేబులు నోరు జారితే ఆ వీధిలో మరో పదేళ్ళు ఎవరూ ఫోను ఎత్తరు. హైదరాబాదులో చెప్పినవాడెవరో చెప్పించుకున్నవాడికి తెలియదు, ఇక్కడ ఇద్దరూ ఒకే పెళ్ళిలో ఎదురుపడతారు. కాబట్టి జిల్లా పోలీసులను గట్టిగా అడగాల్సింది ఇదే. చెప్పినవాళ్ళ పేరు స్టేషను గడప దాటకూడదు, దాటితే దాటించినవాళ్ళ మీద చర్య ఉండాలి. వీడియో పంపేందుకు సర్కిలుకొక వాట్సాప్ నెంబరు పెట్టి బస్టాండ్లలో, బంకుల్లో, దోర్నాల గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలి. అందిందన్న జవాబు, ఏం చేశామన్న జవాబు రెండూ రావాలి. చెప్పినా ఏమీ జరగదన్న నమ్మకమే సగం మందిని గ్రూపులవైపు తోస్తోంది. ఆ సగం తప్పు పోలీసులది.

వీడియో పంపేవాళ్ళకూ ఒక మాట. పౌరుడు తీసిన వీడియో దానంతటది చలానా కాదు. ఈ-చలానా కెమెరాలకు 2021లో వచ్చిన 167ఏ నిబంధనలు వేరే ఉన్నాయి. మీ వీడియో పోలీసులు విచారించడానికి ఆధారం, అంతే. కోర్టు దాకా పోతే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను కింద ధ్రువపత్రం అడుగుతారు, అసలు ఫైలు అడుగుతారు. పాట కలిపి, బొమ్మలు అతికించి, ముక్కలు కోసిన వీడియో దేనికీ పనికిరాదు. తీసింది తీసినట్టు ఫోనులో ఉంచండి. కారులో ఉన్న ఆడవాళ్ళ, పిల్లల ముఖాలు ఊరికి చూపించాల్సిన అవసరం అసలే లేదు.

అన్నీ పోలీసులకు చెప్పాలా? అక్కర్లేదు. హెల్మెట్ లేకుండా పాల క్యాను పెట్టుకుని సందు దాటే పెద్దాయన మీద 112కి ఫోను చేస్తే అవతల నిజంగా ప్రాణం మీదికొచ్చినవాడి ఫోను ఆగుతుంది. మత్తు, నిద్ర, గుడ్డిమలుపులో ఓవర్‌టేకు, లైట్లు లేని ట్రాక్టరు, వేలాడే మనుషులు, గుద్ది పారిపోవడం, ఇలాంటివి మాత్రం చూసిన క్షణంలో చెప్పాలి. మధ్యలో ఒక చిక్కుంది. పద్నాలుగేళ్ళ పిల్లాడు నాన్న బుల్లెట్ మీద వీధిలో దూసుకుపోతుంటాడు. మన పక్కింటివాడే. ముందు ఆ ఇంటికి పోయి, "అన్నా, పిల్లోడు బండి తోలుతున్నాడు చూసుకున్నావా, పట్టుబడితే జైలుకు పోయేది నువ్వు" అని చెప్పండి. అది బెదిరింపు కాదు. 199ఏ సెక్షను కింద బండి యజమానికి గానీ తండ్రికి గానీ మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా ఉన్నాయి, పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. చెప్పినా మళ్ళీ కనబడితే అప్పుడు మొహమాటం వద్దు.

దేశంలో 2022లో ఒక్క ఏడాదిలోనే రోడ్డు మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో ఎంతమందిని బలిగొన్న బండి తీరును అంతకు ముందు ఊళ్ళో ఎవరో ఒకరు చూసి ఉంటారో ఏ లెక్కలోనూ రాయరు.

చివరగా, ఊరి గ్రూపులు నడిపే అడ్మిన్లకు. ఇకనుంచి ఇలాంటి వీడియో పడగానే కింద మీరు పెట్టాల్సిన మొదటి ప్రశ్న, "112కి చెప్పారా?" చెప్పలేదంటే ముందు చెప్పించండి. తర్వాత ఆ వీడియో తీసేయండి. "ఆపండి, పట్టుకోండి" అన్న మెసేజి ఎవరిదైనా సరే, ఎంత దగ్గరివాడిదైనా సరే, ఒక్క నిమిషం కూడా ఉంచవద్దు.